పళ్లు ఊడినా పీచు పోకూడదు

ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లు ఉంటే వాళ్ల పళ్లెంలో ఏం పడుతోందో ఒక వారం గమనించండి. పొద్దున టీలో ముంచిన బిస్కెట్లు, లేదంటే రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన తెల్లన్నంలో చారు. రాత్రికి అదే అన్నం, పాలో పెరుగో పోసి. కూర చేసి ఉంటారు గానీ "తాత నమల్లేడులే" అని పక్కన పెట్టేస్తారు. జామకాయ కోస్తే పిల్లలకే వెళ్తుంది. ఇదంతా ప్రేమతో చేసేదే, ఎవరినీ తప్పు పట్టలేం. అయితే ఆ పళ్లెంతో పెద్దాయన పొట్ట నిండుతుంది గానీ, ఆయన పెద్దపేగులో కాపురం ఉంటున్న బాక్టీరియాకి మెతుకు మిగలదు.

మెత్తగా చేయడం వేరు, పీచు తీసేయడం వేరు. వయసు మళ్లిన వాళ్లకి మొదటిది అవసరం, రెండోది హాని. మనం మాత్రం ఈ రెండింటినీ కలిపేసి, పళ్లతో పాటు పీచుకీ సెలవిచ్చేస్తున్నాం. అలా కాకుండా నెల్లూరు, ప్రకాశం వంటింట్లో ఉన్న సరుకుతోనే ఎలా సర్దుకోవచ్చో కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు లోపల జరిగేది చూద్దాం. అన్నంలోని పిండి, పప్పులోని మాంసకృత్తులు, నూనె చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలో కలిసిపోతాయి. ఆ తర్వాత వచ్చే మీటరున్నర పెద్దపేగుకి చేరేది మన ఎంజైములకు లొంగని సరుకు: పీచు, కొంత మొండి పిండి. అక్కడున్న బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని లెక్కగట్టారు. అన్నీ కలిపి తూకం వేస్తే 200 గ్రాములు. మనం అరిగించుకోలేని ఆ మిగులే వాటికి అన్నం. దాన్ని అవి పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలకి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఒక్క బ్యూటిరేట్ నుంచే వస్తుంది. ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బ్యూరియా లాంటి జాతులు ఈ పనిలో ముందుంటాయి. వయసుతో పాటు బలహీనపడిన వాళ్లలో తగ్గేవి కూడా ముఖ్యంగా ఇలాంటివే.

పీచు అందకపోతే బాక్టీరియా ఖాళీగా కూర్చోవు. పేగు గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది, దాన్ని తినడం మొదలుపెడతాయి. 2016లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో దీన్ని కళ్లారా చూశారు: పీచు లేని మేత పెట్టిన ఎలుకల్లో ఆ పొర పలచబడి, రోగకారక బాక్టీరియా గోడ దాకా చేరింది. పొర పలచబడితే బాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతాయి. శరీరం వాటిని శత్రువులుగా చూసి పోరాడుతూనే ఉంటుంది. జ్వరం రాదు, నొప్పి తెలియదు, నివురుగప్పిన నిప్పులా రగులుతుంటుంది. ముసలితనంలో కనపడే ఈ సన్నని వాపుకి క్లాడియో ఫ్రాన్సిస్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త 2000లో ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు. కండ తరగడం, రక్తనాళాలు గట్టిపడటం, చక్కెర అదుపు తప్పడం, అన్నింటి వెనకా దీని చెయ్యి ఉంది. 2017లో వచ్చిన మరో పరిశోధనలో, అసలు బాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలకి వయసు పెరిగినా ఈ వాపు రాలేదు. అంటే ముసలితనపు వాపులో పేగు వాటా చిన్నదేం కాదు.

ఈ ఆలోచన మరీ కొత్తదీ కాదు. పారిస్ పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఎలీ మెచ్నికాఫ్, రోగనిరోధక కణాల మీద పనికి 1908లో నోబెల్ అందుకున్నవాడు, బల్గేరియా పల్లెల్లో పులిసిన పాలు తాగేవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని నమ్మి తానూ రోజూ తాగాడు. పెరుగు బాక్టీరియా పేగులో స్థిరపడిపోతుందని ఆయన అనుకున్నాడు, అక్కడ పొరబడ్డాడు. పెరుగులోని బాక్టీరియా దారిన పోయే చుట్టంలాంటిది, కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది. అందుకే రోజూ రావాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 2012లో ఐర్లండ్‌లో 178 మంది వృద్ధుల మీద జరిగిన పరిశీలన. సొంత ఇళ్లలో ఉంటూ రకరకాలుగా తినేవాళ్ల పేగులో బాక్టీరియా జాతులు ఎక్కువ. సంరక్షణ కేంద్రాల్లో ఏళ్ల తరబడి ఉంటూ ఒకే తీరు మెత్తని తిండి తినేవాళ్లలో తక్కువ. జాతులు తగ్గినవాళ్లలోనే వాపు సూచికలు, నీరసం, బలహీనత ఎక్కువ కనిపించాయి. జబ్బు వల్ల బాక్టీరియా తగ్గిందా, బాక్టీరియా తగ్గి జబ్బు పెరిగిందా అన్నది అలాంటి ఒక్క పరిశీలనతో తేలదు. కానీ పళ్లెం తేడాగా ఉన్నచోట పేగూ తేడాగా ఉందనేది మాత్రం అందులో స్పష్టం. మన ఇళ్లల్లో తాతలకి అవ్వలకి పెడుతున్నదీ ఆ కేంద్రాల తిండి లాంటిదే.

2017లో జర్మనీలో చిన్న ఆఫ్రికా చేపల మీద ఇంకో ప్రయోగం చేశారు. నడివయసు చేపలకి ముందు యాంటీబయాటిక్‌తో పేగు ఖాళీ చేసి, పడుచు చేపల పేగు బాక్టీరియా అందిస్తే ఎక్కువకాలం బతికాయి. దీన్ని పట్టుకుని "యవ్వనం తిరిగొస్తుంది" అని క్యాప్సూళ్లు అమ్మేవాళ్లున్నారు. చేపల్లో జరిగింది మనుషుల్లో జరుగుతుందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. వేలకి వేలు పోసి చేయించుకునే పేగు బాక్టీరియా పరీక్షలూ అంతే, రిపోర్టు చూసి వైద్యం మార్చే పరిస్థితి ఇంకా రాలేదు. ఆ డబ్బుతో కట్టుడు పళ్లు పెట్టిస్తే పేగుకి అంతకన్నా మేలు.

పీచు లెక్క

పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు పండ్లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన లెక్క చూద్దాం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములకి లోపే. రాగుల్లో 11, సజ్జల్లో పదకొండున్నర, జొన్నల్లో 10. కందిపప్పులో 9, పొట్టుతో ఉన్న పెసల్లో 17, పొట్టుతో ఉన్న శనగల్లో 25. అదే పొట్టు తీసిన శనగపప్పుకి వచ్చేసరికి 15కి పడిపోతుంది.

రోజుకి పావుకిలో బియ్యం తిన్నా వచ్చేది 7 గ్రాములు. 40 గ్రాముల కందిపప్పు వేసుకుంటే మూడున్నర. కాస్త కూర తింటే మరో 3. మొత్తం పదమూడో పద్నాలుగో, కావలసిన దాంట్లో సగం. చారన్నంతో సరిపెట్టే తాతకి అదీ రాదు.

సోమశిల నీళ్లు పారే పెన్న ఆయకట్టు కింద వరి తప్ప వేరే మాట ఉండదు సరే. కానీ ఉదయగిరి, కనిగిరి, పొదిలి, మార్కాపురం మెట్ట పల్లెల్లో ఇప్పుడు డెబ్బై ఎనభైల్లో ఉన్నవాళ్లు చిన్నప్పుడు తిన్నది జొన్న సంగటి, సద్ద రొట్టె, కొర్రన్నం, రాగి అంబలి. వరన్నం పండగ తిండి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక ఆకలి తీరింది. అది చిన్న విషయం కాదు, ఆ బియ్యం ఎన్నో ఇళ్లని నిలబెట్టింది. దాంతో పాటే చిరుధాన్యాలు వంటింట్లోంచి జారుకున్నాయి. అంటే ఈ పెద్దాళ్లకి పీచు కొత్తగా అలవాటు చేయనక్కర్లేదు. వాళ్ల నోటికి ఆ రుచి తెలుసు, మళ్లీ పెడితే చాలు.

నమలకుండానే పీచు

పళ్లు లేనివాళ్లకి సంగటిని మించిన తిండి లేదు. సంగటిని నమలరు, ముద్దని పులుసులో అద్ది మింగుతారు. ఇద్దరు పెద్దాళ్లకి అరగ్లాసు బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లలో, గంజి వార్చకుండా, పలుకు లేకుండా ఉడకనివ్వండి. ఉప్పు వేసి, అరగ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి కదపకుండా మూత పెట్టి సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. ఆ తర్వాతే తెడ్డుతో గట్టిగా గెలకాలి. పిండి పోసిన వెంటనే కలిపితే ఉండలు కడుతుంది, లోపల పచ్చి పిండి మిగిలి కడుపు ఉబ్బరిస్తుంది. నీళ్లు చాలకపోతే ముద్ద బండబారి గొంతులో పట్టేస్తుంది. పెద్దాళ్లకైతే ముద్ద వేలితో నొక్కితే జారిపోయేంత మెత్తగా ఉండాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకి సంగటి ముద్ద పెట్టొద్దు, పలచని అంబలి కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాళ్లకి డాక్టరు చెప్పిన చిక్కదనంలోనే ఏదైనా ఇవ్వాలి.

పిండి విషయంలో ఒక మాట. మిల్లులో పట్టించి తెచ్చాక సన్న జల్లెడ పట్టకండి. పొట్టంతా జల్లెడలోనే మిగిలిపోతుంది. రాగి మాల్ట్ ప్యాకెట్లు చాలావాటిలో చక్కెర బాగా ఉంటుంది, వెనక అచ్చేసిన పట్టిక చూసి కొనండి.

ఇక్కడే ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. రాగులు షుగరుకి మంచివని విని, మామూలు అన్నం తిన్నాక దాని పైన గ్లాసు రాగి జావ తాగిస్తారు. రాగిలోనూ పిండిపదార్థం ఉంది, మెత్తని పిండి జావగా కాస్తే చక్కెర త్వరగానే పెరుగుతుంది. రాగులు అన్నానికి బదులుగా రావాలి, అన్నానికి తోడుగా కాదు. ముద్ద చిన్నది చేసి పప్పు, ఆకుకూర పెద్దవి చేయండి.

అంబలికి రాత్రి నాలుగు పెద్ద చెంచాల రాగిపిండి, అంటే సుమారు 40 గ్రాములు, గ్లాసు నీళ్లలో కలిపి మూత పెట్టండి. ఎండాకాలం ఎనిమిది గంటలకే పులుస్తుంది, చలికాలం పది పన్నెండు పడుతుంది. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి ఈ పిండి కలుపుతూ పోసి, సన్నసెగ మీద పది నిమిషాలు కాచాలి. కాచేసరికి పులియబెట్టిన బాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే మజ్జిగ. అంబలి గోరువెచ్చగా అయ్యాక, అప్పుడు మాత్రమే, అరగ్లాసు మజ్జిగ కలపండి. వేడిగా ఉన్నప్పుడు పోస్తే మజ్జిగ విరుగుతుంది, అందులో బతికున్నదీ పోతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ రెండు చెంచాలు వేస్తే ఇంకా మంచిది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఒక రకం పీచు బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే జాతికి ఇష్టం.

రుబ్బితే పీచు పోదు, వడకడితే పోతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే వంట మీరే మార్చుకోగలరు. పొట్టుతో ఉన్న పెసలు మనిషికి గుప్పెడు, సుమారు 40 గ్రాములు, ఆరు గంటలు నానబెట్టి అల్లంతో రుబ్బి పెసరట్టు పోస్తే దాదాపు 7 గ్రాముల పీచు నమిలే పని లేకుండా కడుపులోకి పోతుంది. కరకరలాడేలా కాల్చకుండా కాస్త మందంగా పోసి, మూత పెట్టి మెత్తగా తీయాలి. మన వైపు దోసె మీద ఎర్రకారం రాయందే తృప్తి ఉండదు. దాని బదులు బీరపొట్టు పచ్చడో, మునగాకు కలిపిన పప్పుల పొడో పెడితే పెద్దాళ్ల గుండెమంటకీ మంచిది.

ప్రకాశంలో శనగ బాగా పండుతుంది. గుగ్గిళ్లు మాత్రం పళ్లు లేనివాళ్లు తినలేరు. మనిషికి 25 గ్రాముల శనగలు, అంటే రెండు పెద్ద చెంచాలు, 12 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. గ్యాసుకి కారణమైన రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లతో పోతాయి. కొత్త నీళ్లు పోసి కుక్కర్లో ఆరు విజిల్స్, ఆ పైన సన్నసెగ మీద పావుగంట. వేళ్ల మధ్య నలిపితే వెన్నలా నలగాలి. దాన్ని మిక్సీలో గుజ్జు చేసి వంకాయ పులుసులోనో సొరకాయ పులుసులోనో కలిపేయండి. పులుసు చిక్కబడుతుంది, ఎవరికీ తేడా తెలియదు.

ఆకుకూరల్లో తోటకూర, మునగాకు, చింతచిగురు ఏదైనా పప్పులో మెత్తగా ఉడికించి మెదిపితే చాలు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు గోంగూర, పాలకూర తగ్గించాలి. కిడ్నీ పనితీరు పడిపోయినవాళ్లకి ఆకుకూర, పప్పు, పండ్లలోని పొటాషియం ప్రమాదం కాబట్టి ఈ పోస్టులో చెప్పిన ఏ కొలతైనా ముందు వాళ్ల డాక్టరుని అడగాలి. బెండకాయ, గోరుచిక్కుడు, చామదుంప, చిలగడదుంప మార్చిమార్చి వండండి. జామకాయ గింజలు ఇబ్బందైతే ఉడికించి జల్లెడ మీద గుజ్జు నొక్కుకోండి, గింజ ఒక్కటే పోతుంది.

చేపల పులుసు గురించి అడుగుతారు. చేపలో పీచు లేదు, కానీ వయసు మళ్లినవాళ్లకి కండ నిలవాలంటే బరువులో కిలోకి ఒక గ్రాము, కాస్త ఎక్కువైనా, మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 65 గ్రాములు. అవి చేపతో సులువుగా వస్తాయి. ముల్లు తీసి పెట్టండి, పక్కన తెల్లన్నానికి బదులు సంగటి పెట్టండి, అంతే.

ఇలా పొద్దున అంబలి, మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో అన్నం, 30 గ్రాముల కందిపప్పు, 100 గ్రాముల తోటకూర, పులుసులో శనగల గుజ్జు, రాత్రి పెసరట్టు అయితే లెక్క 27 గ్రాముల దాకా వస్తుంది. ఒక్క ముక్క కూడా గట్టిగా నమలక్కర్లేదు.

తొందరపడితే ఏమవుతుంది

పద్నాలుగు గ్రాముల నుంచి ఒక్కసారి 27కి ఎగిస్తే మూడో రోజుకే పెద్దాయన "నాకొద్దీ తిండి" అంటాడు. తప్పు తిండిది కాదు, వేగానిది. కొత్త సరుకు రాగానే ఉన్న బాక్టీరియా ఒక్కసారి విజృంభించి గ్యాసు తయారుచేస్తుంది. ఆ గ్యాసుని వాడుకునే జాతులు పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి. మొదటి వారం అంబలి ఒక్కటే. రెండో వారం ఆకుకూర. మూడో వారం పెసరట్టు. శనగలు అన్నిటికన్నా చివర, అదీ రోజు విడిచి రోజు చెంచాడుతో మొదలుపెట్టి. కడుపు ఉబ్బరంగా ఉంటే పూర్తిగా మానేయకండి, నాలుగు రోజులు ఒక మెట్టు కిందకి దిగి మళ్లీ ఎక్కండి.

నీళ్లు పెంచకుండా పీచు పెంచితే మలబద్ధకం తగ్గకపోగా ముదురుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో చెమటకే సగం నీళ్లు పోతాయి, పైగా వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. గుండె, కిడ్నీ డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పకపోతే రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, మజ్జిగతో కలిపి, తాగించాలి. అడిగితే "వద్దు" అంటారు. అడక్కుండా చేతికివ్వండి.

ఇసబ్గోల్ మంచిదే, కానీ దాని పని వేరు. బాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు. నీళ్లు పీల్చుకుని మలాన్ని మెత్తబరుస్తుంది, అంతే. చెంచాడు పొట్టుకి ఒక నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి. తక్కువ నీళ్లతో మింగిస్తే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది. పడుకునే ముందు ఇవ్వకూడదు. ఐరన్, కాల్షియం బిళ్లలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడుతుంటే మలబద్ధకానికి కారణం అవే కావచ్చు, చూసుకోండి.

పెరుగు, చద్దన్నం

2021లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మంది పెద్దవాళ్లని రెండు జట్లు చేసి ఒకరికి పీచు, ఇంకొకరికి పెరుగులాంటి పులిసిన పదార్థాలు పది వారాలు పెంచారు. పులిసినవి తిన్న జట్టులో బాక్టీరియా జాతులు పెరిగాయి, వాపుకి సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు జట్టులో ఆ కాస్త కాలంలో జాతులు పెరగలేదు. చిన్న ప్రయోగం, అందులో ఉన్నవాళ్లు వృద్ధులూ కాదు. నా అభిప్రాయంలో రెండూ కలిసి ఉండాలి: పెరుగు కొత్తవాళ్లని తెస్తుంది, పీచు ఉన్నవాళ్లని పోషిస్తుంది.

పెరుగుకి పాలు పొంగాక సన్నసెగ మీద ఐదు నిమిషాలు కాచి, చిటికెన వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగేంత వెచ్చదనానికి, అంటే 40 డిగ్రీల చుట్టుపక్కలకి చల్లార్చండి. 50 దాటితే తోడులోని బాక్టీరియా దెబ్బతిని పాలు పాలుగానే ఉంటాయి. మే నెలలో అరలీటరు పాలకి అరచెంచా తోడు చాలు, నాలుగైదు గంటలకే గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరిలో రెండు చెంచాలు, ఎనిమిది గంటలు. మన ఎండల్లో రాత్రి తోడువేసి పొద్దున దాకా బయటే ఉంచితే పులిసి నీళ్లు తేలతాయి, పెద్దాళ్లు గొంతు పట్టిందని పక్కన పెట్టేస్తారు. సాయంత్రం నాలుగింటికి తోడువేసి, గడ్డకట్టగానే ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. తీగలు సాగుతుంటే తోడులో వేరే జాతులు పెరిగాయని అర్థం, విషం కాదు. పెరుగు బాగా తోడుకునే ఇంటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి. గులాబీ, నారింజ రంగు మచ్చలు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయాలి.

మజ్జిగ పులుసు రుచికి బాగుంటుంది, కానీ మరిగిన మజ్జిగలో బతికిన బాక్టీరియా ఉండదు. ఇడ్లీ, దోసె పిండి కూడా పులిసేదే అయినా ఆవిరికి, పెనానికి అదంతా పోతుంది. బతికిన బాక్టీరియా కావాలంటే పచ్చి పెరుగు, పచ్చి మజ్జిగ, చద్దన్నం, అంతే.

చద్దన్నం చుట్టూ ఈమధ్య గొప్పలు ఎక్కువయ్యాయి. చల్లారిన అన్నంలో మొండి పిండి కొంత పెరుగుతుంది, నిజమే, కానీ కొంతే. సంగటికి అది బదులు కాదు. అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా గింజల్లాంటి రూపంలో ఉండి ఉడికినా చావదు. మధ్యాహ్నం వండిన అన్నం కుక్కర్లో గోరువెచ్చగా రాత్రి పదింటి దాకా ఉంటే అది మొలకెత్తి విషం తయారుచేస్తుంది. వాంతులు తెచ్చే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. డెబ్బై ఏళ్ల మనిషికి ఒక్క రాత్రి వాంతులు విరేచనాలు అయితే ఆస్పత్రి మెట్లెక్కాల్సిందే. కాబట్టి చద్దన్నానికి రాత్రి వండిన తాజా అన్నమే తీసుకుని, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి గంటలోపు చల్లార్చండి. మట్టికుండలో వేసి, మునిగేదాకా కాచి చల్లార్చిన నీళ్లు, రెండు చెంచాల పచ్చి మజ్జిగ పోసి మూత పెట్టండి. ఆ మజ్జిగ ముఖ్యం, త్వరగా పులుపెక్కించి చెడ్డ బాక్టీరియాని ఎదగనివ్వదు. ఎండాకాలం ఎనిమిది గంటలు దాటనివ్వకండి. పొద్దునకి కమ్మని పులుపు వాసన రావాలి. జిగురు, దుర్వాసన, రంగు ఏది కనిపించినా పశువుల కుడితిలోకి. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి చద్దన్నం వద్దు.

నంజుకోవడానికి ఊరగాయ ముక్క సరే, దాన్ని మాత్రం మందు అనుకోకండి. ఆవకాయలో, గూడూరు నిమ్మకాయ పచ్చడిలో ఉప్పు, నూనె, పులుపు ఎంత ఘాటుగా ఉంటాయంటే పెరుగులోలాగా బాక్టీరియా పెరగడానికి చోటుండదు. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, బీపీ ఉన్న అవ్వకి రెండు బద్దలతోనే అందులో మంచి భాగం అయిపోతుంది.

బిళ్లలు

"గ్యాస్ బిళ్ల" పేరుతో పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి మింగేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కడుపులో ఆమ్లం నోటి నుంచి వచ్చే బాక్టీరియాని చంపే కాపలాదారు. ఆమ్లం తగ్గితే అది పేగులోకి దిగిపోతుంది, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా తెచ్చే మొండి విరేచనాల ముప్పు పెరుగుతుంది, విటమిన్ బి12 తగ్గుతుంది. అలాగని ఈ పోస్టు చదివి రేపే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం రెట్టింపుగా ఎగదన్ని మంట ముందుకన్నా ఎక్కువవుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే బిళ్లలు వాడేవాళ్లకి, పుండు వచ్చినవాళ్లకి అది అవసరం కూడా. ఎందుకు మొదలుపెట్టారో, ఇంకా కావాలో డాక్టరుని అడిగి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు వచ్చే విరేచనాలు కూడా చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. అన్నంతో వేసుకోవడం, నిదానంగా కరిగే రకం అడగడం మేలు. దీన్నీ ఏళ్ల తరబడి వాడితే బి12 చూపించుకోవాలి.

యాభై దాటాక విరేచనం తీరు కొత్తగా మారి మూడు వారాలు అలాగే ఉన్నా, రక్తం పడినా, మలం తారులా నల్లగా ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, నిద్రలో లేచి వెళ్లాల్సి వచ్చినా అంబలి, మజ్జిగలతో రోజులు నెట్టకండి. అవి పరీక్ష చేయించుకోవాల్సిన లక్షణాలు.

ఇక యాంటీబయాటిక్. జలుబుకి, మామూలు వైరస్ జ్వరానికి అది పనిచేయదు, అయినా మందుల షాపులో రెండు రోజులకి చీటీ లేకుండా ఇచ్చేస్తారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులకి మూడు బలమైన యాంటీబయాటిక్‌లు నాలుగే రోజులు ఇచ్చారు. చాలా జాతులు నెలన్నరకి తిరిగొచ్చాయి, కానీ అంతకుముందు అందరిలోనూ ఉన్న 9 జాతులు ఆరు నెలల తర్వాత కూడా వాళ్లలో ఎక్కువమందిలో కనపడలేదు. పడుచువాళ్లకే ఇలాగైతే, అసలే జాతులు తగ్గిన పెద్దాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. న్యుమోనియాకి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి డాక్టరు రాస్తే మాత్రం పూర్తిగా వాడాల్సిందే, పేగు కోసం ప్రాణం పణంగా పెట్టకూడదు. ఆ రోజుల్లో మజ్జిగ ఆపకండి. కొన్ని మందులు పాలు, పెరుగుతో కలిస్తే సరిగా ఒంటబట్టవు, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ అలాంటివే. కాబట్టి బిళ్లకి మజ్జిగకి మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. రోజుకి మూడు నాలుగు సార్లు నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపు నొప్పి కలిసి వస్తే విరేచనాలు ఆపే బిళ్ల ఇవ్వకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కోర్సు సాఫీగా అయిపోతే, ముందు వారం గంజి, మెత్తన్నం, పెరుగు, మగ్గిన అరటిపండు. రెండో వారం అంబలి. ఆ తర్వాత పైన చెప్పిన మెట్లే మళ్లీ మొదటి నుంచి, శనగలు చివర్లో.